క్లిప్పులు వేసుకున్నవారికి చిగుళ్ల వాపు: ప్రోబయోటిక్ బిళ్లలతో తగ్గుతుందా?

వంకర పళ్లకు క్లిప్పులు వేయించుకున్న కొన్ని వారాలకే చాలామందికి చిగుళ్లు ఎర్రబడి ఉబ్బుతాయి. బ్రష్ చేస్తే రక్తం వస్తుంది, నోరు వాసన కొడుతుంది. ఇలాంటివారి కోసమంటూ ఇప్పుడు ప్రోబయోటిక్ బిళ్లలు అమ్ముతున్నారు. మంచి బ్యాక్టీరియా వెళ్లి చెడు బ్యాక్టీరియాను తరిమేస్తుందని, దాంతో చిగుళ్లు బాగుపడతాయని ప్రచారం. ఇందులో కొంత నిజముంది కానీ, చిగుళ్ల వాపు వరకు చూస్తే అది చాలా తక్కువ.

వాపుకు అసలు కారణం పాచి. బ్రాకెట్ల చుట్టూ, తీగ కింద అన్నం మెతుకులు, బిస్కెట్ పొడి ఇరుక్కుంటాయి. మామూలు బ్రష్ అక్కడిదాకా వెళ్లదు. వేపపుల్లతోనో, మిస్వాక్‌తోనో కూడా తీగ కింద శుభ్రం చేయడం కష్టమే. అక్కడ పేరుకున్న పాచిలోని బ్యాక్టీరియా చిగుళ్లను రేపుతుంది. 1965లో డెన్మార్క్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 12 మందితో పళ్లు తోముకోవడం మాన్పించి చూశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టగానే తగ్గిపోయింది. వాళ్లెవరికీ ఏ బిళ్లా ఇవ్వలేదు.

ఇక ప్రోబయోటిక్స్ సంగతి. న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీ పరిశోధకులు క్లిప్పులు ఉన్న 64 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు స్ట్రెప్టోకోకస్ సాలివేరియస్ ఎం18 అనే బ్యాక్టీరియా ఉన్న బిళ్లలు, రెండో గుంపుకు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి బిళ్లలు నెల రోజులు ఇచ్చారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల్లో నోటి దుర్వాసనకు కారణమయ్యే వాయువులు తగ్గినట్టు తేలింది. పాచిలో, చిగుళ్ల వాపులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే వాసన తగ్గిందని చిగుళ్లు కూడా బాగయ్యాయనుకుంటే పొరపాటే.

మన దగ్గరి పెరుగుపైనా పరీక్ష జరిగింది. చెన్నైలో క్లిప్పులు ఉన్న 60 మందిపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ప్రోబయోటిక్ పెరుగు తిన్నవారిలో, ప్రోబయోటిక్ టూత్‌పేస్ట్ వాడినవారిలో బ్రాకెట్ల చుట్టూ ఉండే, పళ్లు పుచ్చడానికి కారణమయ్యే బ్యాక్టీరియా తగ్గింది. అది పుచ్చుకు సంబంధించిన కొలత. చిగుళ్ల వాపు వేరే సంగతి. పైగా అక్కడ వాడింది ప్రత్యేకంగా తయారైన పెరుగు. ఇంట్లో తోడు పెట్టిన పెరుగు ఒంటికి మంచిదే అయినా, అందులో ఏ రకం బ్యాక్టీరియా ఎంత ఉందో ఎవరూ కొలవరు. పంచదార కలిపిన పండ్ల పెరుగయితే క్లిప్పుల పళ్లకు నష్టమే ఎక్కువ.

అయినా బిళ్ల వాడాలనుకుంటే బ్రష్ చేశాక చప్పరించాలి. క్లోర్‌హెక్సిడిన్ లాంటి మౌత్‌వాష్ పుక్కిలించి వెంటనే వేసుకుంటే, ఆ మందు మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు డాక్టర్‌ను అడగకుండా వీటి జోలికి పోకూడదు.

రక్తం వస్తోందని పిల్లలు అక్కడ బ్రష్ పెట్టడమే మానేస్తారు, తల్లిదండ్రులు కూడా పోనీలే అంటారు. దాంతో వాపు ఇంకా పెరుగుతుంది. మెత్తటి బ్రష్‌ను ముందు తీగ పైనుంచి, తర్వాత కిందనుంచి ఏటవాలుగా పెట్టి, చిగురు అంచు మీద మెల్లగా తిప్పాలి. తీగ కింద దూరే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ మందుల షాపుల్లో దొరుకుతుంది. రాత్రి పడుకునే ముందు చేసేది మాత్రం అస్సలు మానొద్దు. రెండు వారాలు ఇలా శుభ్రం చేసినా రక్తం ఆగకపోయినా, చిగురు పెరిగి బ్రాకెట్ మీదికి వచ్చినా క్లిప్పులు వేసిన డాక్టర్‌కు చూపించాలి. గార గట్టిపడి ఉంటే క్లినిక్‌లో తీయించుకోవాల్సిందే, అది బ్రష్‌కూ, బిళ్లకూ పోదు.