జిగ్సా పద్ధతి: జీవశాస్త్ర బోధనలో వినియోగం

జిగ్సా పద్ధతి సహకార అభ్యసనంలో బాగా పేరుపడిన బోధనా విధానం. పాఠాన్ని ముక్కలుగా విడదీసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క అప్పగిస్తారు. దాన్ని నేర్చుకుని మిగతావాళ్లకు చెప్పే పూచీ ఆ విద్యార్థిదే. మిగిలిన పాఠం కావాలంటే పక్కవాళ్లు చెప్పేది వినక తప్పదు.

ఇది 1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరంలో పుట్టింది. బడుల్లో జాతుల వేర్పాటు తొలగి తెల్ల, నల్ల, హిస్పానిక్ పిల్లలు కొత్తగా ఒకే గదిలో కూర్చున్న రోజులవి. గొడవలు మొదలయ్యాయి. టెక్సస్ విశ్వవిద్యాలయంలోని సామాజిక మనోవిజ్ఞాని ఎలియట్ అరాన్సన్, ఆయన విద్యార్థులు తరగతులను గమనించి, టీచరు మెప్పు కోసం పిల్లలు పడే పోటీ పగను పెంచుతోందని గుర్తించారు. ఒకరి అవసరం ఒకరికి పడేలా పాఠాన్నే మార్చారు.

హైస్కూలు జీవశాస్త్రంలో దీన్ని పరిశీలించినవారిలో ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ సంస్థకు చెందిన రూవెన్ లాజరోవిట్జ్ ముఖ్యుడు.

కిరణజన్య సంయోగక్రియనే తీసుకుంటే, నలుగురి జట్టులో ఒకరికి పత్రరంధ్రాలు, ఒకరికి కాంతి చర్య, మరొకరికి నిష్కాంతి చర్య, నాలుగో వారికి పిండిపదార్థ పరీక్ష వస్తాయి. ఒకే అంశం అందినవాళ్లు అన్ని జట్ల నుంచీ వచ్చి ఒకచోట కూడి సందేహాలు తీర్చుకుంటారు. పరీక్షవాళ్లు తెల్లమచ్చలున్న మనీప్లాంట్ ఆకును వేడినీటి గిన్నెలో ఉంచిన ఆల్కహాల్‌లో ఉడికించి, కడిగి, అయోడిన్ వేస్తారు. పచ్చగా ఉన్నచోటే నీలినలుపు తేలుతుంది.

తర్వాత అందరూ సొంత జట్లకు తిరిగివస్తారు. నిష్కాంతి చర్య చెబుతున్న అమ్మాయిని ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ ఎక్కడివని అడిగితే, జవాబు కాంతి చర్య చదివిన అబ్బాయి దగ్గర ఉంటుంది. అతని పాఠంలో నీటి అణువు విడిపోయి ఆక్సిజన్ పుడుతుంది. అది బయటికి పోయే దారి పత్రరంధ్రాలు చదివినవారికి తెలుసు. జీవక్రియలోని లంకెలే మాటలు కలుపుతాయి.

ఒకరే చదివి మిగతా ముగ్గురు ఊరుకుంటే జట్టు పని దెబ్బతింటుంది. పైగా ఒకరు తప్పు చెబితే జట్టంతా తప్పే నేర్చుకుంటుంది. అందుకే మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన అన్నదమ్ములు డేవిడ్, రోజర్ జాన్సన్‌లు పరస్పర ఆధారంతో పాటు వ్యక్తిగత జవాబుదారీ ఉండాలన్నారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ స్లావిన్ రూపొందించిన ‘జిగ్సా-2’లో పాఠమంతా అందరూ చదువుతారు, పరీక్ష ఎవరికి వారే రాస్తారు. గత మార్కుల కన్నా ఎవరెంత మెరుగుపడ్డారో లెక్కించి జట్టు ఖాతాలో కలుపుతారు.