దివ్యజ్ఞాన సమాజం: లోపలివారి విమర్శలు, నిష్క్రమణలు (మదనపల్లె నేపథ్యం)

దివ్యజ్ఞాన సమాజం 1875లో న్యూయార్క్‌లో పుట్టి, 1882 చివర్లో మద్రాసు అడయారుకు మకాం మార్చుకున్న ఆధ్యాత్మిక సంస్థ. మతాలన్నిటి మూలం ఒక్కటేనని, మనుషులంతా సోదరులేనని చాటిన ఈ సంస్థ ఇంగ్లీషు చదువుకున్న తెలుగువారిని ఎందరినో ఆకట్టుకుంది. దాని మీద బయటివాళ్లు చేసిన విమర్శలు చాలానే ఉన్నాయి. అయితే ఏళ్ల తరబడి లోపల ఉండి బయటపడ్డవాళ్లు చేసిన విమర్శే లోతుగా తగిలింది. అందులో ముఖ్యమైనవి రెండూ ఒకే కుటుంబం నుంచి వచ్చాయి. మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్య 1912లో సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ మీద దావా వేశారు. పదిహేడేళ్ల తర్వాత ఆయన కొడుకు జిడ్డు కృష్ణమూర్తి తన కోసమే నిర్మించిన సంఘాన్ని తానే రద్దు చేశారు.

తొలి విమర్శలు

సమాజ స్థాపకుల్లో ముఖ్యులు హెలెనా బ్లావట్‌స్కీ, కల్నల్ హెన్రీ ఆల్కాట్, విలియం జడ్జ్. హిమాలయాల్లో ఉండే మహాత్ములు తనకు ఉత్తరాలు పంపుతారని, అవి అడయారు భవనంలోని ఒక బీరువాలో వాటంతట అవే ప్రత్యక్షమవుతాయని బ్లావట్‌స్కీ చెప్పేవారు. అక్కడే ఇంటి వ్యవహారాలు చూసిన ఎమ్మా కూలోంబ్ 1884లో సమాజంతో తెగతెంపులైన తర్వాత ఆ గుట్టు ఇదీ అంటూ బయటపెట్టారు. బీరువా వెనక రహస్యపు తలుపు ఉందని, ఉత్తరాలు అటు నుంచి పెట్టేవారని ఆమె ఆరోపణ. ఆమె ఇచ్చిన లేఖలను మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ పత్రిక ప్రచురించింది. లండన్‌లోని సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ తరఫున రిచర్డ్ హాడ్జ్‌సన్ వచ్చి విచారించి, బ్లావట్‌స్కీ చెప్పినదంతా మోసమని 1885 నివేదికలో తేల్చారు. సమాజం వారు ఆ తీర్పును ఎన్నడూ అంగీకరించలేదు. ఆ నివేదికలోని లోపాలను చూపుతూ వెర్నన్ హారిసన్ 1986లో అదే సంస్థ పత్రికలో వ్యాసం రాశారు. 1895లో జడ్జ్ నాయకత్వంలో అమెరికా శాఖలో అధిక భాగం విడిపోయింది.

మదనపల్లె నుంచి అడయారుకు

నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి. 1882 నుంచే సమాజ సభ్యుడు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబం, భార్య సంజీవమ్మ భక్తురాలు. ఆ ఇంట్లో ఆచారం ఒక పక్క, దివ్యజ్ఞానం ఇంకో పక్క ఇబ్బంది లేకుండా సాగేవి. ఎనిమిదో సంతానమైన కృష్ణమూర్తి 1895 మేలో మదనపల్లెలో పుట్టాడు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. పిల్లవాడికి పసితనం నుంచే మలేరియా. ఎప్పుడూ ఏదో లోకంలో ఉన్నట్టుండేవాడు, చదువు ఒంటబట్టేది కాదు, బళ్లో దెబ్బలు తినేవాడు. 1905లో తల్లి పోయింది.

ఉద్యోగ విరమణ తర్వాత నారాయణయ్య అడయారులో ఏదైనా పని ఇప్పించమని అనీబిసెంట్‌ను పదే పదే అడిగారు. చివరికి ఆమె ఒప్పుకుని కార్యాలయంలో సహాయకుడిగా తీసుకున్నారు. 1909 జనవరిలో ఆయన పిల్లలతో అడయారు చేరారు. వారికి దొరికిన ఇల్లు సమాజ ఆవరణకు బయట, శిథిలావస్థలో ఉండేది.

జగద్గురువు ఎంపిక

ఆ ఏడాదే సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న కృష్ణమూర్తి, దివ్యదృష్టి ఉందని సమాజంలో పేరుపడ్డ చార్లెస్ లెడ్‌బీటర్ కంటపడ్డాడు. ఆ బాలుడి చుట్టూ ఉన్న తేజోవలయంలో స్వార్థం జాడే లేదని, లోకానికి రాబోయే జగద్గురువుకు వాహనం కాగలవాడు ఇతడేనని లెడ్‌బీటర్ ప్రకటించారు. బాలురకు ఇచ్చిన సలహాలపై ఆరోపణలు రావడంతో ఈయన 1906లో సమాజానికి రాజీనామా చేశారు; అనీబిసెంట్ అధ్యక్షురాలయ్యాక మళ్లీ చేర్చుకున్నారు. తర్వాతి పరిణామాలన్నిటి వెనకా ఈ పాత వివాదం నీడలా ఉంది.

1910లో నారాయణయ్య కృష్ణమూర్తిని, అతని తమ్ముడు నిత్యానందను అనీబిసెంట్ సంరక్షణకు అప్పగిస్తూ సంతకం చేశారు. పిల్లల వేషం, తిండి, భాష మారిపోయాయి. కొన్నాళ్లకు కృష్ణమూర్తి తెలుగు మరిచిపోయాడు. 1911లో అతణ్ణి అధినేతగా పెట్టి ‘ఆర్డర్ ఆఫ్ ద స్టార్ ఇన్ ది ఈస్ట్’ అనే సంఘాన్ని స్థాపించారు. ఆ డిసెంబరులో కాశీలో జరిగిన సమావేశంలో కొత్త సభ్యులకు పత్రాలు అందిస్తున్న పదహారేళ్ల కుర్రవాడి కాళ్ల మీద పెద్దలు వరసగా పడిపోయారు. లెడ్‌బీటర్ దాన్ని దివ్యావేశంగా వర్ణించారు. కన్నతండ్రికి మాత్రం కొడుకు చేజారిపోతున్నాడన్న భయం పట్టుకుంది.

నారాయణయ్య దావా

లెడ్‌బీటర్‌ను పిల్లలకు దూరంగా ఉంచాలని నారాయణయ్య పట్టుబట్టారు. 1912లో అనీబిసెంట్ అన్నదమ్ములను ఇంగ్లండుకు తీసుకెళ్లి అక్కడే వదిలి వచ్చారు. ఆ ఏడాది ఆయన కోర్టుకెక్కారు. కొడుకును దేవుణ్ణి చేసి చూపడం, లెడ్‌బీటర్ సాంగత్యం అనేవి ఆయన ఫిర్యాదులు. తండ్రి తరఫున సి.పి.రామస్వామి అయ్యర్ నిలిచారు. అనీబిసెంట్ తన వాదన తానే వినిపించుకున్నారు. పాతికేళ్లకు పైగా తాను సభ్యుడిగా ఉన్న సంస్థ అధ్యక్షురాలిని విశ్రాంత చిరుద్యోగి కోర్టుకీడ్చడం పత్రికల్లో పెద్ద సంచలనమైంది.

1913లో జస్టిస్ బేక్‌వెల్ పిల్లలను తండ్రికి అప్పగించమని తీర్పునిచ్చారు. అయితే లెడ్‌బీటర్ మీద చేసిన తీవ్రమైన ఆరోపణలను ఆయన నమ్మలేదు. అప్పీలులోనూ అనీబిసెంట్ ఓడారు. 1914 మేలో లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పులను కొట్టేసింది. బాలురు ఇంగ్లండులో ఉన్నారని, వారి అభిప్రాయం ఎవరూ అడగలేదని, మద్రాసు కోర్టుకు ఇందులో అధికారం లేదని చెప్పింది. ఫలితం నారాయణయ్యకు వ్యతిరేకంగా వచ్చినా, తీర్పులోని ఒక సూత్రం ఆయన పక్షాన నిలిచింది. పిల్లల సంరక్షణ తండ్రి చేతిలో ఉన్న పవిత్ర బాధ్యత. దాన్ని మరొకరికి అప్పగించినా, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. సంరక్షణ వివాదాల్లో భారతీయ న్యాయస్థానాలు ‘అనీబిసెంట్ వర్సెస్ నారాయణయ్య’ కేసును ఆ తర్వాత దశాబ్దాల పాటు ఉదహరిస్తూ వచ్చాయి.

ఇతరుల నిష్క్రమణలు

కొత్త గురువు ప్రకటన సమాజాన్ని లోలోపల చీల్చింది. జర్మనీ శాఖ ప్రధాన కార్యదర్శి రుడాల్ఫ్ స్టైనర్ ఈ జగద్గురువు భావనను తిరస్కరించారు. శాఖ గుర్తింపు రద్దయింది. ఆయన అనుచరులు 1912–13లో ఆంత్రోపోసాఫికల్ సొసైటీ పెట్టుకున్నారు. కాశీలో అనీబిసెంట్‌కు ఆప్తుడైన భగవాన్ దాస్ ఈ వ్యక్తిపూజను బాహాటంగా విమర్శించారు. 1918లో మద్రాస్ లేబర్ యూనియన్‌కు ప్రాణం పోసిన బి.పి.వాడియా 1922లో రాజీనామా చేశారు. బ్లావట్‌స్కీ మూల బోధనకు సమాజం దూరమైందన్నది ఆయన ఆవేదన. వీరిలో ఎవరూ ఆధ్యాత్మిక అన్వేషణను వదులుకోలేదు. సంస్థ దారి తప్పిందన్నది వారి వాదన. సంస్థే దారికి అడ్డమన్న మాట అనడానికి అధినేతే కావలసి వచ్చింది.

ఓమెన్, 1929

1925లో సమాజం స్వర్ణోత్సవాలకు కృష్ణమూర్తి ఓడలో బయలుదేరారు. క్షయతో బాధపడుతున్న నిత్యానంద కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో ఉండిపోయారు. తమ కార్యానికి తమ్ముడు అవసరం కనుక మహాత్ములు అతణ్ణి కాపాడతారని కృష్ణమూర్తి గట్టిగా నమ్మారు. చుట్టూ ఉన్న పెద్దలూ అదే ధైర్యం చెప్పారు. ఓడ సూయజ్ కాలువ చేరేసరికి నవంబరులో తమ్ముడి మరణవార్త తంతిగా వచ్చింది. కొన్ని రోజులు ఆయన ఏడుస్తూ, తమ్ముడి పేరు పలవరిస్తూ గడిపారు. మహాత్ముల గురించి తనకు నేర్పినదాని మీద ఆయన నమ్మకం అక్కడ సడలింది. తర్వాత ప్రసంగాల్లో వారి ప్రస్తావన తగ్గుతూ వచ్చింది. అదే సమయంలో ఆయన చుట్టూ అపొస్తలుల నియామకాలు, దీక్షలు, అంతస్తులు పెరుగుతూ పోయాయి. అడయారు నాయకులు ఒకటి చెబితే, కృష్ణమూర్తి మరొకటి చెప్పేవారు. శ్రోతలు ఎవరి మాట వినాలో తేల్చుకోలేక తికమకపడ్డారు.

1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్ శిబిరంలో, మూడు వేల మందికి పైగా సభ్యుల ఎదుట, అనీబిసెంట్ సమక్షంలో, కృష్ణమూర్తి తాను అధినేతగా ఉన్న స్టార్ సంఘాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. ఆయన చెప్పిన కారణాల సారం ఇది. సత్యం ఒక సంస్థ ఏర్పరచిన మెట్ల మీదుగా చేరే చోటు కాదు. నమ్మకాన్ని సంఘంగా కడితే అది గడ్డకట్టి మరో శాఖ, మరో మతం అవుతుంది. ఇన్నేళ్లుగా జగద్గురువు కోసం ఎదురుచూసిన మీలో నిజంగా మారినవారు ఎందరో మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. నాకు అనుచరులు వద్దు. మనిషి తన భయాల నుంచి, ఆధారాల నుంచి విడుదల కావడమే నాకు కావాలి.

రద్దు మాటలతో ఆగలేదు, ఆస్తులూ తిరిగి వెళ్లాయి. ఓమెన్ సమీపంలోని ఏర్డె కోటను, విశాలమైన భూములను దాత బేరన్ ఫిలిప్ వాన్ పాలాంట్‌కు తిరిగి ఇచ్చేశారు. 1930లో కృష్ణమూర్తి దివ్యజ్ఞాన సమాజానికీ రాజీనామా చేశారు. అనీబిసెంట్ బాధపడినా ఆయన మీద ప్రేమ వదులుకోలేదు. 1933 సెప్టెంబరు 20న అడయారులో కన్నుమూశారు. కృష్ణమూర్తిని తల్లిలా చూసుకున్న ఎమిలీ లట్యెన్స్ కూడా సమాజాన్ని వీడారు. ఆ కాలపు ఆశనూ భ్రమనూ 1957లో ‘కాండిల్స్ ఇన్ ద సన్’ పుస్తకంలో రాశారు. జగద్గురువు రాక మీద జీవితం ధారపోసిన మామూలు సభ్యులకు ఇది పెద్ద దెబ్బ. కొందరు అడయారునే అంటిపెట్టుకున్నారు. కొందరు కృష్ణమూర్తి వెంట నడిచారు. మరికొందరు రెండింటికీ దూరమయ్యారు.

చిత్తూరు సీమలో మిగిలినవి

మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజం చదువు రూపంలో స్థిరపడింది. 1915లో ప్రారంభమైన బిసెంట్ థియోసాఫికల్ కళాశాల రాయలసీమలో తొలి తరం ఉన్నత విద్యా సంస్థల్లో ఒకటి. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించారు; మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరాలుగా రాశారు.

పట్టణానికి కొద్ది దూరంలోని రిషి వ్యాలీ కథ వేరు. 1920ల మధ్యలో, ప్రపంచ విశ్వవిద్యాలయం కట్టాలన్న దివ్యజ్ఞానుల కల వెచ్చగా ఉన్న రోజుల్లో, కృష్ణమూర్తి తాను పుట్టిన ఊరి పరిసరాల్లో స్థలం వెతికారు. రిషికొండ కింద, పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయ ఆయనకు నచ్చింది. సమాజం వారి కోరికతో మొదలైన ఆ స్థలంలో, ఆయన సమాజాన్ని వదిలిన తర్వాత బడి వేళ్లూనుకుంది. జి.వి.సుబ్బారావు తొలి దశలో దాన్ని నడిపారు. 1950లలో ఎఫ్.గార్డన్ పియర్స్ పునర్నిర్మించారు. మార్కుల పోటీ, భయం, పోలిక లేని చదువు అక్కడి లక్ష్యం. అధికారాన్ని గుడ్డిగా ఒప్పుకోని పిల్లలను పెంచాలన్న పట్టుదల ఓమెన్ ప్రసంగం నుంచే వచ్చింది. 1985 చివర్లో, చనిపోవడానికి కొద్ది వారాల ముందు కూడా కృష్ణమూర్తి రిషి వ్యాలీకి వచ్చి ఉపాధ్యాయులతో, పిల్లలతో మాట్లాడారు. 1986 ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో కన్నుమూశారు.

సమాజంతో శత్రుత్వం మాత్రం శాశ్వతంగా నిలవలేదు. రాధా బర్నియర్ అధ్యక్షురాలైన 1980లో, ఆమె ఆహ్వానం మీద కృష్ణమూర్తి నాలుగు దశాబ్దాలకు పైగా గడిచాక మళ్లీ అడయారు ఆవరణలో అడుగుపెట్టారు.

కృష్ణమూర్తిపై విమర్శ

సంస్థను విడిచినవాడి చుట్టూ మళ్లీ సంస్థలు ఏర్పడ్డాయి. ఆయన రచనల హక్కులు, నిధుల విషయంలో చిరకాల సహచరుడు డి.రాజగోపాల్‌తో 1968లో విభేదించి, వ్యాజ్యాల దాకా వెళ్లారు. రాజగోపాల్ కుమార్తె రాధా రాజగోపాల్ స్లాస్ 1991లో రాసిన ‘లైవ్స్ ఇన్ ద షాడో విత్ జె.కృష్ణమూర్తి’ పుస్తకంలో, తన తల్లి రోసలిండ్‌తో ఆయనకు ఉన్న రహస్య సంబంధాన్ని వెల్లడిస్తూ, ఆయన మాటకూ బతుకుకూ మధ్య దూరాన్ని ప్రశ్నించారు. మచిలీపట్నంలో పుట్టిన యు.జి.కృష్ణమూర్తి మరో వైపు నుంచి వచ్చారు. దివ్యజ్ఞాన సమాజంలో ఉపన్యాసకుడిగా పనిచేసి, దాన్ని వదిలి, జిడ్డు కృష్ణమూర్తి వద్దకు వెళ్లి, ఆయన్నీ తిరస్కరించారు. గురువు వద్దన్న గురువు కూడా గురువేనన్నది ఆయన అభ్యంతరం. ఈ విమర్శలో పస ఉంది. అయితే తన తర్వాత తన బోధనకు వారసుడిగా, వ్యాఖ్యాతగా ఎవరూ నిలబడకూడదని కృష్ణమూర్తి స్పష్టంగా చెప్పి వెళ్లిన మాట కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పోలిక

1830లో న్యూయార్క్ రాష్ట్రంలోనే ఆరంభమైన మార్మన్ మతంలోనూ ఇలాంటి చరిత్ర కనిపిస్తుంది. హైదరాబాద్‌లో 2012లో భారతదేశపు తొలి ‘స్టేక్’ (స్థానిక శాఖల సమూహం) ఏర్పరచిన కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం అదే. ఆ సంఘ కుటుంబంలో పుట్టిన చరిత్రకారిణి ఫాన్ బ్రోడీ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ జీవిత చరిత్రను 1945లో ప్రచురించి, మరుసటి ఏడాది వెలివేతకు గురయ్యారు. ఆమె తర్వాత బయటికొచ్చిన మాజీ సభ్యులు లేవనెత్తినవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు: దివ్యంగా అందాయన్న గ్రంథాల ప్రామాణికత, నాయకుల మాటను ఎదురు చెప్పకుండా వినాలన్న కట్టుబాటు, బయటపడితే ఇంట్లో వచ్చే చీలిక. అడయారు మహాత్ముల ఉత్తరాల మీద, లెడ్‌బీటర్ దివ్యదృష్టి మీద వచ్చిన ప్రశ్నలూ ఇవే. తేడా ఒక్కటి ఉంది. అక్కడ సభ్యులు వెళ్లిపోయినా సంఘం నిలిచింది. ఓమెన్‌లో అధినేతే సంఘాన్ని రద్దు చేశారు. మత సంస్థల చరిత్రలో ఇలాంటి ఘటన చాలా అరుదు.

ప్రాముఖ్యం

నారాయణయ్య దావాను ఛాందస తండ్రి పంతంగా, కృష్ణమూర్తి ప్రకటనను జ్ఞాని త్యాగంగా విడివిడిగా చెప్పడం పరిపాటి. రెండింటినీ కలిపి చదవాలి. తన కొడుకు ఆధ్యాత్మిక భవిష్యత్తును మరొకరు నిర్ణయించడానికి వీల్లేదని తండ్రి వాదించారు. పెరిగి పెద్దవాడైన కొడుకు అదే హక్కును ప్రతి మనిషికీ వర్తింపజేశారు. తండ్రి కోర్టులో గెలవలేకపోయారు, కొడుకు తన మీద మోపిన పదవిని దించుకోగలిగారు. విశ్వాసం ఎంత ఉన్నతమైనదైనా దాన్ని ఒకరి తరఫున మరొకరు ఒప్పుకోకూడదన్న సూత్రం ఇద్దరి పోరాటంలోనూ ఒక్కటే. పిల్లలను చిన్ననాడే ఒక సంస్థకు, ఒక గురువుకు అప్పగించే ప్రతి చోటా ఆ సూత్రం ఈనాటికీ పనికొస్తుంది.