గెడ్డ సముద్రంలో కలిసేచోట

పాటు మొదలైంది. విశాఖలో పోర్టు రోడ్డు పక్కన, మేఘాద్రిగెడ్డ ఒడ్డున నిలబడి ఉన్నారు మీరు. వెనక లారీలు నేల అదిరేలా పోతున్నాయి. ముందు నీళ్లు తగ్గుతున్నకొద్దీ నల్లటి బురద బయటపడుతోంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటుంది. గాలి చొరని బురదలో బాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. మడ ఉన్నచోట కొంత వాసన మామూలే. ఇంత ఘాటు మాత్రం ఊరి మురుగు పెట్టిన భిక్ష.

వంగి చూడండి. మడచెట్టు చుట్టూ బురదలోంచి వేలెడంత వేర్లు నిటారుగా లేచి ఉన్నాయి. చెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనే. వాటికి పాలిథిన్ పీలికలు చుట్టుకున్నాయి, పైన నూనె జిడ్డు పట్టింది. ఆ వేర్లకు గాలి అందకపోతే చెట్టు నిలబడ్డచోటే ఎండిపోతుంది. అయినా, కదలకుండా కాసేపు ఆగితే ఓ బుల్లి పీత కన్నంలోంచి బయటికొచ్చి పెద్ద డెక్కను ఊపుతుంది. నెత్తిమీద కళ్లున్న బురదచేప రెక్కలమీద పాకుతూ పోయి గుంటలో దూకుతుంది. ఇంకా బతికే ఉన్నాయి ఇవి. రొయ్యపిల్లలు, పండుగప్ప పిల్లలు పెరిగేది ఇలాంటి మడ నీడలోనే.

ఇప్పుడు నీళ్లలో వేలాడుతున్న ఓ పాత నైలాన్ తాడును పైకి లాగండి. బరువుగా వస్తుంది. తాడు కనిపించదు, దానిచుట్టూ గోరంత ఆలిచిప్పలు ఒకదాన్నొకటి తోసుకుంటూ గుత్తులు గుత్తులుగా పట్టి ఉన్నాయి. గిల్లినా రావు, ఒక్కోటి సన్నటి దారాలతో పక్కదాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. శాస్త్రవేత్తలు దీన్ని మైటిలాప్సిస్ శాలీ అంటారు. మన తీరపు జీవి కాదిది. అమెరికా ఖండపు ఉష్ణమండల తీరాలకు చెందినది. 1967లో విశాఖ రేవులో మొదటిసారి కనిపించింది. ఓడల అడుగులకు అంటుకునో, ఓడలు నిలకడకోసం నింపుకునే నీళ్లలోనో సముద్రాలు దాటి వచ్చి ఉండాలి. తర్వాత ముంబైలోనూ తేలింది.

మరి ఇక్కడే ఇంతగా ఎందుకు పాతుకుపోయింది? అది తెలియాలంటే రాస్ హిల్ ఎక్కండి. చర్చి పక్కనుంచి కిందికి చూస్తే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్, మధ్యలో ఇరుకు కాలువలాంటి దారి, ఆ దారి వెంట లోపలికి వెళ్తే మూడు వైపులా మూసుకున్న రేవు. ఒకప్పుడు అదంతా పోటుకు మునిగి, పాటుకు తేలే ఉప్పు బురదనేల. ఆ బురదను తవ్విపోసి, ముఖద్వారం దగ్గర అలల్ని ఆపేందుకు రెండు పాత ఓడల్నే ముంచేసి, 1933లో రేవును ప్రారంభించారు. 1941లో ఓడల కార్ఖానాకు శంకుస్థాపన జరిగింది, 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. ఊరు వీటి చుట్టూ పెరిగింది.

ఆ ఇరుకుదారిలోంచి సముద్రపు నీరు వచ్చిపోవడమే కష్టం. పైనుంచి కొండల వాన నీరైనా వచ్చి కడగాలిగదా అంటే, మేఘాద్రిగెడ్డ నీటికి రిజర్వాయరు అడ్డుకట్ట ఉంది. అక్కడ ఆగిన నీరు నగరానికి తాగునీరవుతుంది. వాడుకున్నాక అందులో కొంత మురుగై మళ్లీ ఈ రేవుకే చేరుతుంది. మురుగులోని నత్రజని, భాస్వరం తిని నాచుజీవులు నీళ్లు రంగు మారేంతగా పెరుగుతాయి. అవి చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. అడుగున బతికే జీవజాతులు ఒకటొకటిగా తప్పుకుంటాయి. మురుగు ఎక్కువగా చేరేచోట అడుగుమట్టిలో కాపిటెల్లా అనే సన్నని పురుగులు విపరీతంగా పెరిగినట్టు ఇక్కడి పరిశోధకులు ఏనాడో గుర్తించారు. కాలుష్యానికి గుర్తుగా ప్రపంచమంతా చూసే పురుగు అది.

అలా ఖాళీ అయిన ఇంట్లోకి వచ్చింది ఆ ఆలిచిప్ప. ఉప్పు తగ్గినా, ఆక్సిజన్ తగ్గినా తట్టుకోగలదు, పుట్టిన కొన్ని వారాలకే గుడ్లు పెట్టగలదు. తెచ్చింది ఓడే కావచ్చు, ఇక్కడ చోటు సిద్ధం చేసింది మాత్రం మనమే. నా దృష్టిలో అసలు నేరం అదే.

ఇదే జీవి 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ పడవల రేవుల్లో బయటపడింది. వాళ్లు వెంటనే రేవుల తలుపులు మూసి, నీళ్లలో క్లోరిన్, మైలుతుత్తం పోసి, కొన్ని వారాల్లోనే దాన్ని అంతం చేశారు. లోపలి మిగతా జీవులూ దాంతోపాటే చచ్చాయి. విశాఖ రేవుకు మూసే తలుపుల్లేవు. అంత విషం పోయడానికి మనసూ ఒప్పదు.

చేయగలిగింది వేరే ఉంది. మురుగును శుద్ధి చేయకుండా ఒక్క గెడ్డలోకీ వదలకూడదు. మిగిలిన మడను ఏ రోడ్డు కోసమూ, ఏ గోదాము కోసమూ పూడ్చకూడదు. విశాఖ వాసులారా, మీ వార్డు మురుగు ఏ గెడ్డలో కలుస్తోందో ఈ వారమే కనుక్కోండి. శుద్ధి చేసి వదులుతున్నారా లేదా అని మీ కార్పొరేటర్‌ని నిలదీసి అడగండి.