ఖర్జూరం: తీపిలోకీ, కూరలోకీ

ఖర్జూరం అనగానే మనకు ఇఫ్తారే గుర్తుకొస్తుంది. కాని ఒకప్పుడు అరబ్బుల వంటింట్లో అది తీపిలోకీ పడేది, మాంసంలోకీ పడేది.

1226లో బాగ్దాదులో ముహమ్మద్ బిన్ హసన్ అనే ఆయన ‘కితాబుత్ తబీఖ్’ అనే వంటల పుస్తకం రాశారు. అందులో ‘రుతబియ్యా’ అని ఒక మాంసం కూర ఉన్నది. ఖీమాను ఖర్జూరపు కాయల్లా చుట్టి, గింజ ఉండవలసిన చోట పొట్టు తీసిన బాదం పప్పు పెడతారు. అసలు ఖర్జూరాలూ వేస్తారు. ఏది ఖీమానో, ఏది ఖర్జూరమో కొరికితేగాని తెలియదు!

తీపి వంట పేరు ‘హైస్’. ఎండు రొట్టె పొడి ఒక పాలు, గింజ తీసిన ఖర్జూరం ముప్పావు పాలు, కాస్త బాదం పిస్తాల పొడి చేత్తో బాగా పిసికి, కాచిన నువ్వుల నూనె పోసి, ఉండలు చుట్టి చక్కెర అద్దాలి. ప్రయాణాలకు ఇది శ్రేష్ఠమని రాశారాయన. హైస్ అప్పటికే పాత వంట. 628లో ఖైబర్ నుంచి తిరిగివచ్చే దారిలో ప్రవక్త (స) వారి వలీమాలో ఖర్జూరం, నెయ్యి, ఎండిన పెరుగుతో చేసిన హైసే వడ్డించారని హదీసులు తెలుపుతున్నవి.

1258లో మంగోలులు బాగ్దాదును నాశనం చేశారు. అయినా ఆ పుస్తకం ప్రతి ఇస్తాంబుల్‌లో మిగిలింది, 1934లో మోసుల్‌లో అచ్చయింది.

మరి మన షీర్ ఖుర్మా? పారసీలో షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. ఇప్పుడు చాలా ఇళ్ళలో సేమ్యా పెరిగి ఖర్జూరం తగ్గింది. దాదీల, నానీల చేతి కొలతలు ఎక్కడా రాసి లేవు. ఈ ఈద్‌కైనా వాళ్ళ దగ్గర కూర్చుని, అడిగి రాసుకుందాం.