గదికి నాడి ఎక్కడ?

మనిషికి ఒంట్లో బాగాలేకపోతే మణికట్టు పట్టుకు చూస్తారు. మరి గదికో? గది వెచ్చబడిందో చల్లబడిందో ఎక్కడ చెయ్యి వేసి చూడాలి? నేల మీదా, గోడ మీదా, పైకప్పు కిందా? బి.ఏ. చదివినదానికి ఈ ఇంజనీర్ల గొడవ ఎందుకమ్మా అనకండి. ఈ ప్రశ్నకి సుమారు నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో రాజులూ, యుద్ధాలూ లేవు కనక మా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదంతే.

వేడి తనంతట తాను అదుపులో ఉండేలా చేసిన తొలి ప్రయత్నాల్లో ఒకటి మనుషుల కోసం కాదు, కోడిపిల్లల కోసం! 17వ శతాబ్దం తొలి రోజుల్లో, ఇంగ్లండులో ఉంటున్న డచ్చివాడు కార్నేలిస్ డ్రెబెల్ గుడ్లు పొదిగే పెట్టె ఒకటి చేశాడు. వేడి ఎక్కువైతే గొట్టంలోని సారాయి ఉబ్బి పాదరసాన్ని నెడుతుంది. పొయ్యికి గాలి వెళ్ళే దారి మూసుకుంటుంది. చల్లబడితే మళ్ళీ తెరుచుకుంటుంది. కోడిపెట్ట చేసే పనే, రెక్కలు లేకుండా! 1830లో స్కాట్లండు శాస్త్రవేత్త ఆండ్రూ యూర్ తన సాధనానికి 'థర్మోస్టాట్' అని పేరు పెట్టాడు.

అది తరగతి గదిలోకి వచ్చిన కథ మాత్రం ఓ పంతులుగారిది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, వైట్‌వాటర్ అనే ఊళ్ళో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల. అక్కడ వారెన్ జాన్సన్ ఆచార్యుడు. చలికాలం వేడినిచ్చే పొయ్యి నేలమాళిగలో ఉంటుంది; చలో వేడో తెలిసేది పై గదుల్లో. నౌకరు మాటిమాటికీ తరగతిలోకొచ్చి చూసి, మెట్లు దిగి, వేడిగాలి దారిలోని రేకుతలుపులు సర్దాలి. పాఠం మధ్యలో ఈ రాకపోకలు! విసిగిపోయిన జాన్సన్ గదిలోనే ఓ సాధనం పెట్టి, వేడి హద్దు దాటితే కింద నౌకరు దగ్గర గంట మోగే ఏర్పాటు చేశాడు. 1883లో పేటెంటు వచ్చింది. 1885లో మిల్వాకీలో కంపెనీయే వెలిసింది. క్రమంగా ఆ గంట వినే మనిషి అవసరమూ తీరిపోయింది.

నాకెందుకో ఆ నౌకరంటేనే అభిమానం. అతను గదిలోకొచ్చినప్పుడు కిటికీ పక్కన ముడుచుకు కూర్చున్న పిల్లవాడు కూడా కంటపడి ఉంటాడు కదా! గోడ మీది సాధనానికి తన చుట్టూ ఉన్న జానెడు గాలే ప్రపంచం.

గదిలో గాలి ఒక్కలా ఉండదు. మే నెలలో అటకెక్కి ఊరగాయ జాడీ దింపిన ఏ ఇల్లాలినైనా అడగండి, చెబుతుంది. పైకప్పు కాగడం కొంత, పైకి చేరిన వేడిగాలి కొంత. అందుకే కూర్చున్న మనిషి తలకీ చీలమండకీ మధ్య తేడా 3 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని అమెరికన్ ఇంజనీర్లు ప్రమాణం పెట్టుకున్నారు.

1973 చమురు సంక్షోభం తర్వాత భవనం ఎంత కరెంటు తింటుందో, ఎంత చమురు తాగుతుందో కంప్యూటరు మీద ముందే లెక్కగట్టడం ఊపందుకుంది. ఆ లెక్కల్లో గదికంతకీ ఒకే ఉష్ణోగ్రత. అంటే గాలంతా బాగా గిలక్కొట్టిన మజ్జిగ అన్నమాట! గాలిని గట్టిగా విసిరే ఏసీ ఉన్న ఆఫీసుకి అది చాలావరకు సరిపోయేది. కాని ఇంటి లెక్కలో సగటున అందరూ కడుపునిండా తిన్నట్టే ఉంటుంది; చివర్న తినే ఇల్లాలి కంచం ఆ లెక్కలో కనబడుతుందా?

చిక్కు స్కాండినేవియా పద్ధతితో బయటపడింది. అక్కడ 1980ల్లో చల్లగాలిని నేల దగ్గర మెల్లగా వదిలి, వేడిని పైనుంచి పోనిచ్చే ఏర్పాటు బాగా వ్యాపించింది. మనుషులున్న చోట చల్లన, నెత్తి మీద వేడి. మజ్జిగ లెక్క ఆ పై వేడిని కూడా మనుషుల మీదే రుద్ది, అక్కర్లేని పెద్ద యంత్రం కొనమంటుంది. ఎత్తయిన హాలుని చలికాలంలో వెచ్చబరిచినప్పుడు తప్పు ఇంకో వైపుకి తిరుగుతుంది: వేడంతా పైకప్పు దగ్గర పోగై బయటికి జారిపోతుంటే లెక్కకి తెలియదు, కింద కాళ్ళు కొంకర్లు పోతుంటాయి.

2001లో అమెరికా ప్రభుత్వం విడుదల చేసిన ఎనర్జీప్లస్ అనే ప్రోగ్రాంలో పోనుపోను దీనికీ దారి దొరికింది. ఒక పద్ధతిలో గదిని మూడు పొరలు చేస్తారు: నేల దగ్గర, మనుషులుండే మేర, ఆ పైన. ఇంకో పద్ధతిలో థర్మోస్టాట్ ఉన్నచోట గాలి గది సగటు కన్నా ఎంత తేడాగా ఉందో విడిగా చెప్పవచ్చు. చెప్పేవాళ్ళుంటేనే సుమా! ప్రత్యేకించి అడక్కపోతే ఆ ప్రోగ్రాం ఈనాటికీ గదిని మజ్జిగ గానే లెక్కగడుతుంది.