దీవికి పోవు దారి: మన సీమవారి రామేశ్వరయాత్ర

సముద్రము నడుమనున్న దీవికి పోయి వింతలు చూచివచ్చుట యీ కాలపువారి వేడుక యని కొందఱు తలంతురు. తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ప్రాంతములవారికి అది క్రొత్త సంగతి కాదు. మనవారు దానిని విహారమనలేదు, యాత్ర యనిరి. రామేశ్వరము దీవియే గదా! పాంబనునుండి ధనుష్కోటి కొనవఱకు సుమారు ముప్పది కిలోమీటర్లు సాగిన యిసుకనేల. దానికి ఉత్తరమున నొక సముద్రము, దక్షిణమున నొక సముద్రము.

చంద్రగిరి దుర్గమునుండి పైకివచ్చిన సాళువ నరసింహరాయల సేనాని నరసనాయకుడు రామేశ్వరము మొదలగు క్షేత్రములలో షోడశ మహాదానములు చేసినట్లు ఆయన కుమారుడగు శ్రీకృష్ణదేవరాయల శాసనములు చెప్పుచున్నవి. రాజులు ఏనుగులతో పోయిరి. మన రైతులు సద్దిమూట కట్టుకొని, మూడువందల మైళ్లకు మించిన దారిని కాలినడకను, ఎద్దుబండ్లమీదను పోయిరి. సేతువునకు కాపరులు గనుక సేతుపతులను పేరొందిన రామనాథపురపు రాజులు దారిపొడవున సత్రములు కట్టించి వారిని ఆదుకొనిరి.

ఈ యాత్రలో ఏది ముందు, ఏది వెనుక యను క్రమమును పెద్దలు ఏనాడో యేర్పఱచిరి. మొదట సేతువున స్నానము చేసి యిసుక తీసికొనవలెను. ఆ యిసుకను ప్రయాగలో త్రివేణియందు కలిపి, కాశికి పోయి, గంగ తెచ్చి రామనాథస్వామికి అభిషేకము చేయింపవలెను. అనగా దీవిని రెండుమాఱులు చూచినగాని యాత్ర పూర్తికాదు. మొదటిసారి చూడనిది రెండవసారి చూడవచ్చునను ధైర్యము మనవారికి అందువలన కలిగినదేమో!

1890 ప్రాంతములలో విల్లుపురమునుండి చిత్తూరు, పాకాలమీదుగా ధర్మవరమునకు చిన్నపట్టాల రైలుదారి వచ్చెను. అంతట చిదంబరము, తంజావూరు, తిరుచినాపల్లి యనునవి మజిలీలయ్యెను. ఒక్కొక్కచోట దిగి, కోనేట మునిగి, దర్శనము చేసికొని, మఱల బండి యెక్కెడివారు. మండపమువఱకే పట్టాలున్న దినములలో అక్కడనుండి పడవ యెక్కవలసివచ్చెను. 1914 ఫిబ్రవరి 24వ తేదీన పాంబను వంతెన తెఱవబడుటతో ఆ కష్టము తీఱెను. రెండు కిలోమీటర్లకు పైబడిన ఆ వంతెన నడుమ ఓడలు పోవుటకై రెండు ఱెక్కలు పైకి లేచెడివి. రైలు ధనుష్కోటివఱకు పోయెడిది. అచ్చటినుండి పొగయోడ సింహళమందలి తలైమన్నారునకు సాగెడిది.

మా పెదతండ్రిగారు 1962లో ఊరివారితో యాత్రకు పోయిరి. తోడివారిలో నొకరియొద్ద పెట్టెవంటి చిన్న కెమేరా ఉండెను. చుట్టకు ఎనిమిది పటములు మాత్రమే. ఏడు పటములు దారిలోని గోపురములకు ఖర్చయినవి. ఎనిమిదవది రామేశ్వర గోపురము ముందు అందఱును వరుసగా నిలిచి తీయించుకొన్నది. ధనుష్కోటికి మాత్రము పోలేదు. కాళ్లనొప్పులు, చేతిలో సొమ్ము తక్కువ. "కాశికి పోయి గంగ తెచ్చునప్పుడు చూతములే" యనుకొనిరి.

1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి గాలివాన పట్టినది. సముద్రము ధనుష్కోటిపై బడి యూరిని తుడిచివేసెను. స్టేషనును సమీపించుచున్న పాసింజరుబండి నూఱుమందికి పైబడిన ప్రయాణికులతోకూడ అలలలో కలిసిపోయెను. పాంబను వంతెన కమానులు చాల కొట్టుకొనిపోయెను. ఆఱునెలలు పట్టునన్న మరమ్మతును ఇ. శ్రీధరన్ గారు 46 దినములలో ముగించిరి గాని, ధనుష్కోటికి రైలు మఱల పోలేదు. ఊరు నివాసయోగ్యము కాదని ప్రభుత్వమువారు ప్రకటించిరి. మా పెదతండ్రిగారు తరువాత గంగ తెచ్చిరి, అభిషేకము చేయించిరి. ధనుష్కోటిని గూర్చి యడిగినప్పుడెల్ల ఆ యెనిమిదవ పటమును చూపి, "దీని వెనుక ఉన్నదిరా" అనెడివారు.

కావున నేడు పోవువారు దినచర్యను ముందుగా నిర్ణయించుకొనుట మేలు. నా యభిప్రాయమున మొదటి తెల్లవాఱుజామును ధనుష్కోటి కియ్యవలెను. 2017లో కొనవఱకు తారురోడ్డు పడినది. అరిచల్ మునై యను ఆ కొనయొద్ద సూర్యోదయమును, వచ్చునప్పుడు శిథిలమైన చర్చిగోడలను, స్టేషను మొండిగోడలను పటము తీయవచ్చును. సాయంకాలము పోవుదమనుకొన్నచో పోలీసువారు దారిలోనే వెనుకకు పంపుదురు. నేను అట్లు తిరిగివచ్చినవాడనే. దారిలోని కోదండరామాలయము ఆ గాలివానకు నిలిచినది. విభీషణునకు పట్టము కట్టినచోటు అదియే యందురు.

ఎండ ముదిరిన తరువాత ఆలయము. ఇరువదిరెండు తీర్థములలో స్నానమునకే రెండు మూడు గంటలు పట్టును. అచ్చట కెమేరా పనికిరాదు. తమిళనాట ఆలయములలోనికి సెల్‌ఫోనులు తీసికొనిపోరాదని 2022లో మద్రాసు హైకోర్టువారు ఆజ్ఞాపించిరి. ఇది కొఱత యని నేననుకొనను. పండ్రెండువందలకు పైబడిన స్తంభములు గల ఆ వెలుపలి ప్రాకారపు నడవలో చేతులు ఊరకయుండుటయే మంచిది. ప్రొద్దు వాలునప్పుడు గంధమాదనపర్వత మెక్కవలెను. పర్వతమన్నమాటయే గాని మనవారి కంటికి అది గుట్టకూడ కాదు. అయినను దీవిలో ఎత్తైనచోటు అదియే. అక్కడినుండి దీవి యంతయు కనబడును.

ఇక పాంబను. 1988లో రోడ్డువంతెన వచ్చినది. దానిపైనుండి దిగువన రైలువంతెన కనబడును. పాతవంతెనమీద రైళ్లు 2022 డిసెంబరులో నిలిచిపోయెను. 2025 ఏప్రిలు 6వ తేదీ, శ్రీరామనవమినాడు, క్రొత్తవంతెన తెఱవబడెను. దాని నడిమిభాగము ఱెక్కలు విప్పదు, నిట్టనిలువుగా పైకి లేచును. చూడదగినదే. కాని పని చాలించిన పాతవంతెన పటము కావలెననువారు దానిని తిరుగుప్రయాణమునకు వాయిదా వేయక, పోవునప్పుడే తీసికొందురుగాక.