మన కూటి చరిత్ర - 6: సన్నసెగ మీద పెద్దకూర



ఈసారి ఇంగ్లిష్ వాళ్ల బీఫ్ స్టూతో మొదలుపెడదాం. దాని పక్కన పెట్టి చూస్తే మన పెద్దకూర చరిత్ర ఇంకా తేటగా కనబడుతుంది.

1861లో లండన్‌లో ఇసబెల్లా బీటన్ అనే పాతికేళ్ల ఆవిడ ఇంటి నిర్వహణ మీద పెద్ద పుస్తకం వేసింది. గొడ్డు పిక్కమాంసంతో స్టూ ఎలా చెయ్యాలో అందులో ఉంది. ఎముకతో సహా ముక్కలు, ఉల్లిపాయలు, క్యారెట్లు, టర్నిప్ దుంపలు, మిరియాలు వేసి గంటల తరబడి సన్నసెగ మీద ఉంచాలి. చివర్లో వెన్న, పిండి కలిపి పులుసు చిక్కబరచాలి. పిక్కమాంసం చవకరకం. ఎప్పుడూ పనిచేసే కండ కాబట్టి గట్టిగా ఉంటుంది. మెల్లగా కాగితే అందులోని కొలాజెన్ జెలటిన్‌గా మారి ముక్క వేలితో విడిపోతుంది. పెద్దమంట పెడితే ముక్క బిగుసుకుపోతుంది.

ఈ విద్య తాడేపల్లిగూడెం చుట్టూ ఉన్న మన పేటల్లోనూ ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఏలూరు కాలువ నీళ్లతో ఈ నేలంతా వరిచేనయ్యింది. ఆ చేలు దున్నింది ఎడ్లూ, దున్నపోతులూ. వాటి వెనక నడిచింది మన పాలేర్లు. గొడ్డు చస్తే ఈడ్చుకెళ్లాల్సింది మాదిగలే. అది కూలి కాదు, వెట్టి. ఏళ్లపాటు కాడి మోసిన ఆ కండని మెత్తబరచడం మన అవ్వలు సాధించిన విద్య. రైస్‌మిల్లులు వచ్చాక ఊకపొయ్యి తోడైంది. ఊక దట్టంగా కూరి అంటిస్తే మంట ఎగదు, సెగ ఆరదు. వడ్లు పండించిన చేతులకి ఊక మిగిలింది, దాంతోనే వండారు. అల్లం వెల్లుల్లి, ఉల్లిపాయ, పసుపు, కారం ముందు. గోంగూర మాత్రం ముక్క ఉడికాకే వెయ్యాలనేది మా అమ్మ.

ఒకే వంట. అక్కడ చవకమాంసం గృహిణి పొదుపు అనిపించుకుని అచ్చులోకెక్కింది. ఇక్కడ కులానికి గుర్తయ్యి మూతకింద దాక్కుంది. తెలుగులో డాక్టరేట్ చేసినవాణ్ణి నేను. నేను చదివిన వంటల పుస్తకాల్లో పనసపొట్టు కూర ఉంది, పెద్దకూర లేదు. అంటరానితనం మూలాల్లో గొడ్డుమాంసం ఉందని బాబాసాహెబ్ 1948లోనే పుస్తకం రాసి వాదించారు.

"మీ అంబేద్కరే మానెయ్యమన్నాడు కదా" అని కొందరు మనకే పాఠం చెబుతారు. 1927లో మహద్‌లో ఆయన మానమన్నది చచ్చిన గొడ్డు మాంసాన్ని. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టి పదిమందిలో తిన్నారు. మొదటిది బలవంతపు తిండిని కాదనడం. రెండోది ఇష్టమైన తిండిని దాచుకోనక్కర్లేదనడం. రెండూ ఆత్మగౌరవమే.

1977 నాటి మన రాష్ట్ర చట్టం ఆవు వధని నిషేధించింది. ఎడ్లకీ గేదెలకీ ధ్రువపత్రం ఉండాలంది. ఇంట్లో ఏం వండుకుంటారని అద్దెకొచ్చినవాళ్లని అడిగేది మాత్రం ఇంటి ఓనరు. ఆ ప్రశ్నకి జడిసి కిటికీలు మూసుకుని వండుకునే విద్యార్థులు నా తరగతిలోనే ఉన్నారు.

వాళ్లకీ మీకూ ఒక పని చెబుతున్నాను. ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు అవ్వనో అమ్మనో అడిగి రాసుకోండి. ఏ భాగం, ఏ పొయ్యి, ఎంతసేపు, ఇంట్లో దాన్ని ఏ పేరుతో పిలిచారు? పెద్దవాళ్లు పోతే ఆ వంట వాళ్లతోనే పోతుంది.

వచ్చే భాగంలో ఎండు తునకల గురించి.